శూన్యదుర్గంలో తోలుదూడ

కోట గుమ్మానికి అడ్డంగా ఒక కుక్క పడుకుని ఉంది. గడ్డిబండి ఒకటి లోపలికి పోతూ దాని తోక మీదుగా చక్రం ఎక్కించింది. కుక్క అరవలేదు. తోక లాక్కోలేదు. నలిగిన తోక వైపు ఒకసారి తల తిప్పి చూసి, అదెవరిదో అన్నట్టు మళ్లీ దారి వైపు చూడసాగింది.

ఆవును తోలుకుని ఆ బండి వెనకే వస్తున్న ఇద్దరు గొల్లలూ ఆగిపోయారు. పొడుగాటివాడు పలుపును చేతికి మరో చుట్టు చుట్టుకున్నాడు. పొట్టివాడు గొంతు తగ్గించి అన్నాడు:

"చూసినావా రా సోమిగా? కుక్కే అట్టుంటే ఇంక లోపల మనుషులెట్టుంటారో!"

పొడుగాటివాడు గొల్లవాడు కాడు. కేతకీపురం రాజకుమారుడు సోమకేతు. పొట్టివాడు మాత్రం నిఖార్సయిన గొల్ల, పేరు బొల్లన్న. రాజకుమారుణ్ని 'ఒరే సోమిగా' అని పిలిచే యోగం ఏ గొల్లకూ పట్టదు కాబట్టి, బయలుదేరిన దగ్గర్నుంచీ బొల్లన్న దాన్ని ఒక్క ఘడియ కూడా వృథా పోనివ్వలేదు.

"తలగుడ్డ అట్టనా చుట్టేది? పెళ్లికొడుకు బాసికం మాదిరుంది. ఆ నడక ఒకటి! గొల్లోడు ఆవుతో పాటు నడుస్తాడు రా. నువ్వు దండు నడిపిస్తన్నావు."

"మెల్లగా బొల్లన్నా, కావలివాళ్లు వింటారు."

"బొల్లన్నా ఏంది? మామా అను. నా మేనల్లుడివని సంతంతా చెప్పినాను."

సోమకేతు ముఖంలోకి రాబోయిన నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది. మేనల్లుడు అన్న మాట వింటే అతడికిప్పుడు ఒక్క ముఖమే కనిపిస్తోంది.

నది అవతలి ఒడ్డున, జాలరి గుడిసెలో, అతడి అక్క పద్మలేఖ ఒడిలో ఉంది ఆ ముఖం. పద్మలేఖ తామ్రగిరి రాణి. ఆమె భర్త శూన్యదుర్గం సేనలతో పోరాడి చనిపోయిన మాసంలోనే ఆమెకు కొడుకు పుట్టాడు. పురుటిగదిలోకి మంత్రసానిగా వచ్చిన ఒక ఆడది, బిడ్డ తొలి ఏడుపుకు నోరు తెరవగానే ఆ నోటికి చిన్న మట్టిబుడ్డి ఆనించి, మూత బిగించి, ఎవరూ తేరుకోకముందే మాయమైంది. ఏడుపు బుడ్డిలోకి పోయింది. ఏడుపు వెంట బిడ్డ పుట్టుబుద్ధి మొత్తం పోయింది. అప్పటినుంచి వాడు ఏడవలేదు. చనుమొన పెదవికి తగిలినా వెతకలేదు. పిండితే పాలు నోట్లోకి పోయి, పెదవి చివరినుంచి జారి చెవిలోకి కారేవి. పాలు తాగడం లోకంలో ఎవరికీ ఎవరూ నేర్పరు. ఎలా నేర్పాలో చెప్పగలవాళ్లు తామ్రగిరిలో ఒక్కరూ దొరకలేదు. దూదివత్తి తడిపి బొట్టు బొట్టుగా గొంతులోకి జారుస్తున్నారు. నిన్న దిగినంత ఇవాళ దిగడం లేదు.

ఆ బుడ్డి ఈ కోటలో ఉంది. దాన్ని తీసుకుపోయి బిడ్డ నోటి దగ్గర తెరవాలి. ఆ నోట్లో ఊపిరి ఉండగానే తెరవాలి.

శూన్యదుర్గాధిపతి అచలనాథుడి శాసనం ఒకటుంది. పుట్టుబుద్ధి ఉన్న ప్రాణి ఏదీ అతడి కోటలో ఒక పూటకు మించి ఉండరాదు. మనిషైనా, పశువైనా, బుడ్డిలోకి దాన్ని ఊడ్చి ఖాళీ చేయవలసిందే. ఖాళీ అయిన సైనికుడు చావుకు జంకడు, అది అతడికి లాభం. కానీ ఖాళీ అయిన ఆవు చేపదు. దూడను చూసి పొదుగులోకి పాలు దించుకోవడాన్ని గొల్లలు చేపడం అంటారు. అది లేని ఆవు పొదుగు రాతిముద్ద. అందుకే కోటవాళ్లు ప్రతి సంతలోనూ కొత్త పాడావుల కోసం తిరుగుతుంటారు. ఒక పూట పాలు, ఆ తరువాత మాంసం.

బొల్లన్న ఆవు పేరు చుక్క. దాని దూడ పుట్టిన వారానికే చచ్చిపోయింది. బొల్లన్న దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి, లోపల గడ్డి కూరి కుట్టాడు. ఆ తోలుదూడను ముందు పెడితే చుక్క నాకి నాకి చేపుతుంది. తోలుదూడే కాదు, దారిలో చాకలిబండి మీద ఒక పసికందు ఆకలికి ఏడిస్తే చుక్క నడిరోడ్డున నిలబడిపోయి నేలంతా పాలు చేసింది. ఆ పాలు చూసిన క్షణంలోనే ఇద్దరికీ ఒకే ఉపాయం తట్టింది. వేల బుడ్ల మధ్య పసివాడి బుడ్డి ఏదో కనిపెట్టగలిగితే ఇదే కనిపెట్టాలి.

ఇప్పుడు తోలుదూడ సోమకేతు భుజం మీద ఉంది. దాని కడుపులో, గడ్డి మధ్య, పొట్టి కత్తి ఉంది.

"ఏమి తెచ్చారు?" అన్నాడు గుమ్మం దగ్గరి సైనికుడు. వాడి కంటి కొలికిలో ఈగ వాలి ఉంది. వాడు దాన్ని తోలుకోవడం లేదు.

"పాడావు సామీ. మంచి మరపి, దూడ పోయినా పాలిస్తాది," అన్నాడు బొల్లన్న, వంగి దండం పెడుతూ.

సైనికుడు చటుక్కున ఈటె మొనను బొల్లన్న కళ్ల దాకా పొడిచి ఆపాడు. తరువాత సోమకేతు కళ్ల దాకా. ఇద్దరి రెప్పలూ మూతపడ్డాయి.

"ఇద్దరూ నిండుగా ఉన్నారు," అన్నాడు సైనికుడు రెండోవాడితో.

"నిండుగానా? పొద్దున్నించి కడుపులో గంజిచుక్క పడలా సామీ!" అన్నాడు బొల్లన్న, పళ్లన్నీ బయటపెట్టి.

సైనికులిద్దరూ అతడి పళ్ల వైపు చూశారు. నవ్వు ఎందుకొస్తుందో తెలియని చూపు అది. బొల్లన్న పళ్లు మూసుకున్నాడు.

"ఒకడు లోపలికి, ఒకడు ఇక్కడ. లోపలివాడు మర్యాదగా తిరిగి వస్తే ఇద్దరూ పోవచ్చు."

"నేను పోతా సామీ, ఆవు నా మాట..."

"పలుపు పట్టినవాడు లోపలికి."

పలుపు సోమకేతు చేతికి ముమ్మారు చుట్టి ఉంది. బొల్లన్న ముఖంలో రక్తం ఒక్క క్షణం ఇంకిపోయింది. అంతలోనే దగ్గరికి వచ్చి, మేనల్లుడి తలగుడ్డ సరిచేస్తున్నట్టు చెయ్యెత్తి, చెవిలో అన్నాడు: "దొరా, అది తలెత్తి ముక్కుపుటాలు విప్పిందంటే పలుపు వదిలెయ్. అది ఎటు పోతే అటే పో. నువ్వు దారి చూపించబాకు." ఆపైన గట్టిగా, "త్వరగా రా రా సోమిగా! నీ కోసం ఈడ నేను వేళ్లు దిగి నిలబడలేను!"

దుర్గం లోపలి వీధి అద్దంలా ఉంది. ఇరువైపులా నల్లరాతి మేడలు, మేడల మీద వెండి రేకు కప్పిన శిఖరాలు, శిఖరాల మీద గాలికి కదలని ఇనుప జెండాలు. కాలువల్లో నీళ్లు కూడా చప్పుడు చేయకుండా పోతున్నాయి. ఎక్కడా చెత్త లేదు, కీచులాట లేదు, పరుగు లేదు. దారిపక్క ఈతచెట్టు మీద గిజిగాళ్ల గుంపు ఒకటి కూర్చుని ఉంది. ఒక్కొక్క పిట్ట ముక్కునా ఒక్కొక్క గడ్డిపోచ. వాటితో ఏం చేయాలో ఏ పిట్టకూ తెలియడం లేదు. చెట్టు కింద గడ్డిపోచలు కుప్ప పడి ఉన్నాయి. వాటి మధ్య పగిలిన గుడ్లు.

వీధి మలుపులో గంట మోగింది. అరుగుల మీద వరసగా కూర్చున్న సైనికుల ముందు అన్నపు ముద్దలు ఉన్నాయి. గంట కొట్టినవాడు అరిచాడు: "నోట్లో పెట్టుకోండి!" వందల చేతులు లేచాయి. "నమలండి!" దవడలు కదిలాయి. గంటవాడి చేతిలోని గంటకర్ర జారి దూరంగా దొర్లింది. వాడు దాన్ని తెచ్చుకునేదాకా దవడలు నములుతూనే ఉన్నాయి. "మింగండి!" అన్న తరువాత గానీ ఒక్క గొంతూ కదలలేదు.

చుక్క నిలబడిపోయింది. సోమకేతు దాని గంగడోలు నిమిరాడు.

బుడ్ల మంటపం కోట నడిబొడ్డున ఉంది. శిల్పం లేని నున్నని స్తంభాలు అడవిలా నిలబడ్డాయి. పైకప్పు నుంచి రాగి గొలుసులకు నూనె కొప్పెరలు వేలాడుతున్నాయి, వాటి అంచుల చుట్టూ దీపాలు. నేల నుంచి కప్పు దాకా గోడలన్నీ గూళ్లు. గూటికొక మట్టిబుడ్డి, మెడకు ఎర్ర లక్క. లోపల అడుగు పెట్టగానే సోమకేతు ఒళ్లు జలదరించింది. ఆ బుడ్లు ఊరికే లేవు. తేనెపట్టుకు చెవి ఆనించినట్టు ఒకటే రొద. ఒక గూటి దగ్గర పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు, మరో దగ్గర గుర్రం బుసలు, ఇంకో దగ్గర ఆడమనిషి చీకట్లో ఎవరినో చూసి లాక్కున్న ఊపిరి.

నడుమ ఒక బక్కపలుచని మనిషి దీపం వత్తి సరిచేస్తున్నాడు, వేలితో. ఆ వేళ్ల చివర్లు కాలి బొగ్గులై ఉన్నాయి.

"రా," అన్నాడు అచలనాథుడు. ఒంటి మీద నూలుగుడ్డ తప్ప ఏమీ లేదు. దగ్గరికి వచ్చి, చెప్పాపెట్టకుండా సోమకేతు ముఖం మీదికి చెయ్యి విసిరాడు. అరచెయ్యి ముక్కును తాకకుండా ఆగింది.

"కళ్లు మూశావు. నువ్వే మూశావా?"

"చెయ్యి వచ్చింది కదా సామీ."

"నేను అడిగింది చేతి సంగతి కాదు. కళ్లు మూయాలని నువ్వు అనుకున్నావా?"

"లేదు సామీ. అవే మూసుకున్నాయి."

"నీ కళ్లు నువ్వు చెప్పకుండా మూసుకున్నాయి. నీ గుండె నువ్వు చెప్పకుండా ఇప్పుడు కొట్టుకుంటోంది, ఇక్కడికి వినబడుతోంది. నీ ఒంట్లో నువ్వు కానిది ఒకటి కాపురం ఉంది. అది పుడుతూనే నీ కంటే ముందు ఇల్లు చేరింది. దాన్ని యజమాని అనుకోవడం లేదు నువ్వు. కానీ ఇల్లు దానిదే." అతడి గొంతులో కోపం లేదు, ఉత్సాహం లేదు. "ఆ తోలు ఏమిటి?"

"తోలుదూడ సామీ. దీన్ని చూస్తే గానీ చేపదు."

"దించు. చేపుతున్నప్పుడే దానిలోది పైకి వస్తుంది. పైకి వచ్చినప్పుడే పట్టాలి. మనిషికైతే వెనకనుంచి నగారా కొట్టిస్తాను. ఉలికిపాటుతో లోపలికి పీల్చిన ఊపిరి బయటికి వచ్చేటప్పుడు బుడ్డి ఆనిస్తే చాలు."

సోమకేతు తోలుదూడను రాతినేల మీద నిలబెట్టాడు. చుక్క మూతి దించి దాని మెడ నాకసాగింది. గడ్డి గరగరలాడింది. తోలు ఊడిన చోట కుట్టు బయటపడింది. చుక్క ఆ కుట్టును కూడా నాకింది.

"చూడు," అన్నాడు అచలనాథుడు. "గడ్డిని నాకుతోంది. లోకమంతా పొగిడే తల్లిప్రేమ ఇదే. వాసన తగిలితే చాలు, లోపల ఏముందో అక్కరలేదు."

"అది గడ్డి అని దానికి తెలియక కాదేమో సామీ," అన్నాడు సోమకేతు. గొల్లయాస మరిచిపోయాడు. "తెలిసినా పొదుగు ఊరుకోదేమో."

అచలనాథుడు అతడి వైపు కాసేపు చూశాడు. రెప్ప కొట్టలేదు. ఎండిపోయిన ఆ కళ్ల మీద సన్నటి పొర కట్టింది.

"మీకు ఎప్పుడూ భయం పుట్టదా సామీ?" మాట మార్చడానికి అడిగాడు సోమకేతు.

"మొట్టమొదట ఖాళీ చేసుకున్నది నన్నే. ఎందుకు మొదలుపెట్టానో అప్పుడు బలమైన కారణం ఉండేది. ఏదో పెద్ద దుఃఖం అని గుర్తు. అది బుడ్డిలోకి పోయింది. లోకమంతటినీ ఖాళీ చేయాలని అప్పటికే నిర్ణయించుకుని ఉన్నాను. మానడానికి ఇంతవరకూ కారణం కనిపించలేదు."

"పసిబిడ్డల్ని కూడా చేస్తారా?"

"ఒకణ్ని చేశాను. ఆజ్ఞ ఇస్తే తప్ప ఏదీ కోరని రాజును పెంచుదామనుకున్నాను. కానీ పాలు తాగమని ఆజ్ఞ ఇస్తే అర్థం చేసుకునే భాష వాడికి లేదు. కాబట్టి చనిపోతాడు. అది నేను ముందు చూడని లోపం." కుండకు చిల్లి పడింది అని చెప్పినట్టు చెప్పాడు. "ఆ బుడ్డి ఇప్పుడు దేనికీ పనికిరాదు. మూత తీస్తే లోపలిది ఎదురైన మొదటి ఊపిరిలోకి దూరుతుంది. ఊపిరి అందకపోతే గాలిలో కలిసిపోతుంది. తీసి పారేయాలి."

ఇద్దరు సైనికులు పెద్ద బుడ్డి ఒకటి పట్టుకుని ఆవు మూతి దగ్గరికి వచ్చారు.

అప్పుడే చుక్క తల ఎత్తింది.

ముక్కుపుటాలు విప్పారాయి. చెవులు రెండూ ముందుకు తిరిగాయి. తోలుదూడను మోకాలితో పక్కకు నెట్టేసి, రాతినేల మీద గిట్టలు జారుతున్నా లెక్కచేయకుండా, ఎడమ గోడ వైపు నడిచింది. సోమకేతు పలుపు వదిలేశాడు. చుక్క కింది వరస గూళ్ల ముందు ఆగి, ఒక చిన్న బుడ్డి మీద మూతి పెట్టి, గొంతు లోపలినుంచి అంబా అని కాకుండా, ఈనిన వేళ మాత్రమే ఆవులు చేసే సన్నటి హుంకారం చేసింది. నాలుగు చన్నుల నుంచీ పాలు ధారలు కట్టాయి. నల్లరాయి మీద తెల్లటి మడుగు సోమకేతు పాదాల దాకా పాకింది.



"ఈ ఆవుకు దారి చూపించింది ఎవరు?" అన్నాడు అచలనాథుడు. ఆ వెంటనే, అదే గొంతుతో, "గొల్లయాస మరిచావు, పసిబిడ్డల సంగతి అడిగావు. తండ్రి చనిపోయాడు కాబట్టి బిడ్డకు మేనమామవు నువ్వు. పట్టుకోండి. గుమ్మం దగ్గరి రెండోవాణ్ని ఖాళీ చేయండి."

సోమకేతు తోలుదూడ మీదికి దూకి కుట్టు చింపాడు. గడ్డి చెల్లాచెదరైంది, కత్తి చేతికొచ్చింది. మొదటి సైనికుడి మెడకు గురి చూపి, మెరుపులా మణికట్టు తిప్పి, పక్కటెముకల వైపు కొట్టాడు. ఆ వేటు కేతకీపురంలో అతడికి పేరు తెచ్చిన వేటు. మెడకు వస్తున్న కత్తిని చూసి ఎంతటి యోధుడైనా చెయ్యెత్తుతాడు, పక్క ఖాళీ అవుతుంది. వీడు చెయ్యెత్తలేదు. వాడి కవచానికి తగిలి కత్తి జారిపోయింది. వాడి ఈటె సోమకేతు తొడను చీల్చింది. బెదిరింపు వేట్లు, కళ్ల మీదికి విసుర్లు, దొంగ అడుగులు, గురువు నేర్పిన విద్యలో సగం ఇక్కడ పనికిరాని చెత్త అయిపోయింది. భయపడేవాడితోనే పోరాడటం అతడికి వచ్చు.

రెండో సైనికుడు కత్తికి ఎదురుగా నడిచి వచ్చాడు. కత్తి పొట్టలో దిగినా ఆగలేదు. కత్తి వెంబడే ముందుకు నడిచి, పిడి దగ్గరికి చేరి, సోమకేతు మెడ రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్లలో కళ్లు పెట్టి చూస్తూ నొక్కసాగాడు. సోమకేతుకు చూపు చీకట్లు కమ్మింది. ఒక్కసారిగా ఆ పట్టు సడలింది. చుక్క కొమ్ములు వాడి వీపులో ఉన్నాయి. సోమకేతు వాడి పొట్టలోంచి కత్తి లాక్కున్నాడు.

గూటి ముందు చుక్క అడ్డం తిరిగి నిలబడింది. లోపలికి పరుగెత్తుకొచ్చిన సైనికులు దాన్ని అన్ని వైపుల నుంచీ పొడిచారు. అది వాళ్ల వైపు చూడటం లేదు. తల వెనక్కి తిప్పి బుడ్డినే చూస్తోంది. ముందుకాళ్లు ముడుచుకుపోతున్నప్పుడు కూడా చన్నులు కారుతూనే ఉన్నాయి. ఎరుపు తెలుపులో కలిసి పాకింది.

సోమకేతు దాని మీదుగా వంగి బుడ్డి అందుకున్నాడు. అరచేతిలో అది వెచ్చగా, పావురాయి గుండెలా కొట్టుకుంది. ఎదురుగా అచలనాథుడు నిలబడి ఉన్నాడు. సోమకేతు నూనె కొప్పెర గొలుసును కత్తితో తెగ్గొట్టాడు. మండే నూనె ఆ ముఖం సగం మీద పడింది. చర్మం ముడుచుకుపోతుండగా అచలనాథుడు కదలకుండా నిలబడి, మిగిలిన సగంతో అన్నాడు:

"అతడు బురుజు మెట్ల వైపు పోతాడు. బుడ్డి పగలకుండా పట్టుకోండి."

సోమకేతు కాళ్లకు బుద్ధి చెప్పాడు. బురుజు మెట్లు నిటారుగా, చుట్లు చుట్లుగా ఉన్నాయి. తొడ నెత్తురోడుతోంది. మలుపులో వేలాడుతున్న మరో కొప్పెరను తన్ని నూనె మెట్ల మీద ఒలికించాడు. వెనక వస్తున్న వాళ్లకు కాళ్లు జారాయి. జారినవాడు ఎవడైనా చేతులు ముందుకు చాపుతాడు. వీళ్లు చాపలేదు. ముఖాలతోనే రాతిమెట్ల మీద పడ్డారు. ఒకరి మీద ఒకరు, ముక్కులు చితికి, పళ్లు రాలి, ఒక్క కేక లేకుండా. పగిలిన ముఖాలతో మళ్లీ లేచి ఎక్కసాగారు.

బురుజు పైన గాలి చెంప మీద కొట్టింది. కింద ఒక పక్క నది, కొండరాళ్లను ఒరుసుకుంటూ, నురగలు కక్కుతూ. ఇంకో పక్క కోట గుమ్మం. గుమ్మం ముందు బొల్లన్నను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఒకడు అతడి నోటి ముందు బుడ్డి పట్టుకున్నాడు. వెనక నగారా సిద్ధంగా ఉంది.

ఇంకా కొట్టలేదు. కత్తి చేతిలో ఉంది. గోడ వెంబడి పరుగెత్తి గుమ్మం పైనుంచి దూకితే అందుకోవచ్చు. అందుకోలేకపోవచ్చు. పిడికిలిలో బుడ్డి కొట్టుకుంటోంది, ముందటి కంటే మెల్లగా.

బొల్లన్న తలెత్తి బురుజు మీద ఆకారాన్ని చూశాడు. గుర్తుపట్టాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. నగారా మోగింది.

సోమకేతు నదిలోకి దూకాడు.

నీళ్లు రాయిలా తగిలాయి, కత్తి చేజారింది. సుడి అతణ్ని కిందికి లాగి, తిప్పి, ఒక బండకేసి కొట్టింది. పైకి తేలేసరికి బుడ్డి మెడ దగ్గర వెంట్రుకవాసి బీట కనిపించింది. ఆ బీటలోంచి సన్నటి కీచుమనే గాలి. గాలితో పాటు లోపలి వెచ్చదనం పోతోంది. అవతలి ఒడ్డు ఇంకా నది వెడల్పంత దూరాన ఉంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. బీటకు పెదవులు ఆనించి, తనలో ఉన్న ఊపిరంతా ముందు ముక్కుతో వదిలేసి, ఒక్కసారిగా లోపలికి పీల్చి నోరు బిగించాడు.

బుడ్డి చల్లబడిపోయింది. అతడు దాన్ని వదిలేశాడు.

ఏదో రొమ్ములోకి దిగి ముడుచుకుని కూర్చుంది. మొదట వెలుతురు నొప్పెట్టింది. తరువాత చలి, పుట్టినప్పటి నుంచీ ఎరగనంత చలి. పెదవులు వాటంతటవే ముడుచుకుని లేనిదాన్ని వెతకసాగాయి. చెంపకు నురగ తగిలితే తల అటు తిరిగింది. మూసిన నోటి వెనక, గొంతులో, తొలి ఏడుపు నిలబడి తలుపు తడుతోంది. నోరు తెరిస్తే అది గాలిపాలు. బిడ్డ నోటికి నోరు ఆనించేదాకా పెదవి విప్పకూడదు.

అతడు ఈదబోయాడు. చేతులు మాట వినలేదు. పసివాడికి ఈత రాదు. ప్రవాహం అతణ్ని గడ్డిపరకలా ఈడ్చి, కోట వైపు ఒడ్డునే ఉన్న రెల్లుపొదల్లోకి విసిరింది. ఎడమ అరచేతికి ఏదో వేరు తగిలింది. తగలగానే వేళ్లు దాని చుట్టూ ముడుచుకున్నాయి. అంత బలమైన పట్టు ఏ యుద్ధంలోనూ అతడు పట్టలేదు. తొలిరోజు పసికందు వేలు పట్టుకుంటే విడిపించుకోవడం ఎంత కష్టమో పద్మలేఖ కొడుకు విషయంలో అతడికి తెలిసే అవకాశం రాలేదు. ఆ పట్టే ఇప్పుడు మునిగిపోకుండా అతణ్ని ఆపింది.

బురుజు మీది నుంచి అచలనాథుడి గొంతు నీళ్ల మీదుగా వచ్చింది: "ఒడ్డున ప్రతి పొదలోనూ ఈటె గుచ్చండి. తగిలినదాన్ని పైకి లాగండి."

అడుగుల చప్పుడు. రెల్లు విరుగుతున్న చప్పుడు. గుచ్చి తీస్తున్న ఈటెలు, వరసగా, తొందర లేకుండా దగ్గరపడుతున్నాయి. సోమకేతు గడ్డం దాకా నీళ్లలోకి దిగి, కుడి మోచేతితో రెల్లు పక్కకు ఒత్తి, ఒడ్డు వైపు చూశాడు.

అతడి పొద ముందు ఆగిన సైనికుడు పొట్టివాడు. ఒంటి మీద కవచం లేదు. తలగుడ్డ ఊడి మెడ మీద వేలాడుతోంది. కవచం ఇచ్చే వ్యవధి కూడా లేకుండా చేతిలో ఈటె పెట్టి తోలినట్టున్నారు.

బొల్లన్న.

సోమకేతు గుండె ఎగిసిపడింది. బొల్లన్నా అని అరవబోయాడు. పెదవుల దాకా వచ్చింది పిలుపు, దాని వెనకే ఏడుపు. రెండింటినీ పళ్ల మధ్య నలిపి మింగాడు. కళ్లతో బతిమాలాడు. బొల్లన్న కళ్లు అతడి మీదుగా రెల్లును చూసినట్టు, నీళ్లను చూసినట్టు చూసి, ముందుకు కదిలాయి. నోట్లో 'ఒరే' లేదు, పళ్ల మీద నవ్వు లేదు.

ఈటె లేచింది. నీళ్లలో గుచ్చుకుంది. మొన చెవి పక్కనుంచి పోయింది. వెనక్కి లాక్కుంటుండగా దాని కర్ర సోమకేతు కుడి అరచేతికి ఆనింది.

వేళ్లు మూసుకున్నాయి.

వద్దు, వదులు, అని అతడు తన చేతికి చెప్పాడు. ప్రాణం పెట్టి చెప్పాడు. కానీ ఆ పిడికిలిలో ఉన్నది అతడి కంటే పాతది. అది ఎవరి ఈటో దానికి అక్కరలేదు. తగిలింది, పట్టుకుంది. వేరును విడిచి పోదామంటే ఎడమచేతి పట్టూ వదలడం లేదు.

ఈటె కదలకపోయేసరికి బొల్లన్న వంగి చూశాడు. కర్ర చివర మనిషి చెయ్యి కనిపించింది.

"తగిలింది," అన్నాడు, వెనక వస్తున్న వాళ్లతో, సంతలో ఎన్నడూ ఎవరూ వినని చదునైన గొంతుతో. కాళ్లు బురదలో పాతుకుని, ఈటెను రెండు చేతులా పట్టుకుని, పైకి లాగడం మొదలుపెట్టాడు.